అక్కరకు రాని ఇంగ్లీషు ఎందుకు?

పదో తరగతిలో ఇంగ్లీషు ప్యాసవడం వేరు, ఇంగ్లీషు చదివి అర్థం చేసుకోవడం వేరు. ఈ రెండింటి మధ్య ఎంత దూరం ఉందో పల్లెటూళ్ళలోని తల్లిదండ్రులకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. మార్కుల కాగితంలో ఇంగ్లీషుకు డెబ్భయ్యో ఎనభయ్యో పడిన పిల్లవాడి చేతికి పురుగుమందు డబ్బా ఇచ్చి "దీని మీద ఏం రాశారో చదివి చెప్పరా" అంటే, అక్షరాలు కూడబలుక్కుని పైకి చదువుతాడు. భావం చెప్పమంటే నీళ్ళు నములుతాడు. బ్యాంకులో కాగితం నింపాలన్నా, ఆసుపత్రిలో ఇచ్చిన చీటీ చూడాలన్నా ఇదే తంతు. పదేళ్ళు చదివిన ఇంగ్లీషు అవసరానికి అక్కరకు రాకపోతే ఆ చదువు దేనికన్న ప్రశ్న సహజం.

ఇందుకు పిల్లలను నిందించి ప్రయోజనం లేదు. ఉపాధ్యాయులను ఆడిపోసుకోవడమూ న్యాయం కాదు. లోపం నేర్పే పద్ధతిలో ఉంది. వ్యాకరణం ఒక మూల, మాటల అర్థాలు మరో మూల, పాఠం ఇంకొక మూల పెట్టి, మూడింటినీ విడివిడిగా బట్టీ పట్టించే పద్ధతి అది. ఆ మూడూ కలిసి ఉండే చోటు ఒకటుంది. అదే అయిదారు వాక్యాల చిన్న పేరా. రోజుకొక చిన్న పేరాను అర్థం చేసుకుని చదివే అలవాటు చేస్తే వ్యాకరణమూ, మాటలూ దాని వెంటే వస్తాయి. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ అయిన ఈ మార్గాన్ని బడులూ, ఇళ్ళూ కూడా పట్టించుకోకపోవడం విచారకరం.

జంబళుడి మార్కులు

"బడిలో పేరాలు చదివించడం లేదా? పరీక్షలో కూడా ఇస్తారు కదా?" అని ఎవరైనా అడగవచ్చు. నిజమే. పదో తరగతి ఇంగ్లీషు ప్రశ్నపత్రంలో పేరా ఇచ్చి ప్రశ్నలు అడగడం ఉంది. కాని దానికి జవాబు రాసే కిటుకు పిల్లలకు ముందే తెలుసు. ప్రశ్నలో ఉన్న మాట పేరాలో ఎక్కడుందో వెతకడం, ఆ వాక్యాన్ని దించెయ్యడం. అంతే.

ఈ కిటుకు ఎంత బోలుదో తెలుగులోనే చూడవచ్చు. "జంబళుడు తొర్రికను గిలకించాడు" అని ఒక వాక్యం ఉందనుకోండి. ఇందులో ఒక్క మాటకూ అర్థం లేదు. ఊరికే కల్పించినవి. అయినా "తొర్రికను ఎవరు గిలకించారు?" అని అడిగితే "జంబళుడు" అని రెండో తరగతి పిల్లవాడు కూడా చెబుతాడు. "జంబళుడు దేనిని గిలకించాడు?" అంటే "తొర్రికను" అంటాడు. రెండు ప్రశ్నలు, రెండు మార్కులు. జంబళుడు మనిషో గొడ్డో, తొర్రిక తినేదో తొడిగేదో మాత్రం ఎవరికీ తెలియదు. ఇంగ్లీషులో చాలామంది పిల్లలకు వచ్చే మార్కులు ఈ జంబళుడి మార్కులే.

పాఠం చెప్పే తీరు చూస్తే, ఉపాధ్యాయుడు ఒక వాక్యం చదువుతాడు, దాని తెలుగు చెబుతాడు, పిల్లలు వింటారు. కథ పిల్లలకు తెలుగులో తెలిసిపోతుంది. ఇంగ్లీషు వాక్యం మీద వారి కన్ను నిలవదు. తరువాత గైడు కొని జవాబులు కంఠతా పడతారు. వ్యాకరణం సంగతి మరీ విడ్డూరం. యాక్టివ్ వాయిస్‌ను పాసివ్ వాయిస్‌గా మార్చమంటే లెక్క చేసినట్టు చకచకా మార్చేస్తారు. అదే పిల్లలకు రోడ్డు పక్క బోర్డు మీద "ది వర్క్ హాజ్ బీన్ స్టాప్డ్" అని కనబడితే పని ఆపేశారో, ఇకముందు ఆపుతారో చెప్పలేరు.

ఒక్క సబ్జెక్టుతో పోయేది కాదు

ఒకప్పుడు ఇంగ్లీషు ఒక్క సబ్జెక్టు. అది రాకపోయినా లెక్కలూ, సామాన్యశాస్త్రమూ, సాంఘికశాస్త్రమూ తెలుగులో చదువుకుని పిల్లలు నెగ్గుకొచ్చేవారు. ఇప్పుడు ఆ పరిస్థితి లేదు. 2025 మార్చిలో ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతి పరీక్షలకు నమోదైన ఆరు లక్షలకు పైగా రెగ్యులర్ విద్యార్థుల్లో అయిదున్నర లక్షలకు పైగా ఇంగ్లీషు మీడియం వారే. తెలంగాణలో కూడా 2022-23 విద్యా సంవత్సరం నుంచి ప్రభుత్వ పాఠశాలల్లో ఇంగ్లీషు మీడియం ప్రవేశపెట్టారు. మీడియం మంచిదా, చెడ్డదా అన్న చర్చ వేరు. ఒక్క విషయం మాత్రం స్పష్టం. ఇంగ్లీషు చదివి అర్థం చేసుకోలేని పిల్లకు ఇవాళ అన్ని సబ్జెక్టులూ పోయినట్టే. నీరు ఆవిరి కావడం ఆ పిల్లకు తెలియక కాదు, అది చెప్పే వాక్యం తెలియక తప్పుతుంది.

గ్రామీణ భారతంలో పిల్లల చదువును ఇంటింటికీ తిరిగి పరీక్షించే 'అసర్' నివేదిక 2022లో తేల్చిన లెక్క ఇంకా కళ్ళు తెరిపిస్తుంది. దేశం మొత్తం మీద పల్లెల్లో అయిదో తరగతి పిల్లల్లో తేలికపాటి ఇంగ్లీషు వాక్యాలు చదవగలిగినవారు 24.5 శాతం మాత్రమే. 2016లో ఇది 24.7 శాతం. అంటే ఆరేళ్ళలో అడుగు ముందుకు పడలేదు. ఎనిమిదో తరగతిలో సైతం 46.7 శాతమే. సగానికి పైగా పిల్లలు చిన్న వాక్యం చదవలేకుండానే ఎనిమిదో తరగతికి చేరుతున్నారన్నమాట. అటువంటి వారికి పార్ట్స్ ఆఫ్ స్పీచ్ ఎన్ని అని అడగడం, ఈత రానివాడిని నదుల పేర్లు చెప్పమన్నట్టు ఉంటుంది.

గేదె, చెరువు, ఆరు వాక్యాలు

చిన్న పేరాలో ఎంత చదువు ఇమిడి ఉంటుందో ఒక ఉదాహరణతో చూడవచ్చు. ఇంగ్లీషు పేరాను తెలుగు అక్షరాల్లో రాస్తే ఇలా ఉంటుంది:

"సీత హాజ్ ఎ బఫెలో. షి టేక్స్ ఇట్ టు ది ట్యాంక్ ఎవ్రీ మార్నింగ్. ఎస్టర్‌డే ఇట్ రెయిన్డ్ హెవీలీ. షి డిడ్ నాట్ గో టు ది ట్యాంక్. ది బఫెలో స్టేడ్ ఇన్ ది షెడ్ అండ్ ఏట్ డ్రై స్ట్రా. టుడే ఇట్ గేవ్ లెస్ మిల్క్."

సీతకు ఒక గేదె ఉంది. రోజూ ఉదయం దాన్ని చెరువుకు తోలుకుపోతుంది. నిన్న పెద్ద వాన పడింది. సీత చెరువుకు పోలేదు. గేదె కొట్టంలోనే ఉండి ఎండుగడ్డి తిన్నది. ఇవాళ పాలు తక్కువ ఇచ్చింది. ఇదీ కథ.

మొదటి వాక్యం చూడండి. తెలుగులో "సీతకు గేదె ఉంది" అంటాం. ఆ 'ఉంది'ని పట్టుకుని పిల్లలు "సీత ఈజ్ ఎ బఫెలో" అని రాస్తారు. పాపం, సీతే గేదె అయిపోతుంది. ఇంగ్లీషులో కలిగి ఉండటాన్ని 'హాజ్' అనే మాట చెబుతుంది. ఈ సంగతి సూత్రంగా చెబితే మరునాటికి మరచిపోతారు. సీత గేదె అయిపోయిన నవ్వుతో చెబితే జన్మలో మరచిపోరు.

మొదటిసారి గేదె పేరెత్తినప్పుడు "ఎ బఫెలో" అన్నారు. అయిదో వాక్యానికి వచ్చేసరికి "ది బఫెలో" అయింది. మొదట అది ఏదో ఒక గేదె. తరువాత అందరికీ తెలిసిన సీత గేదె. తెలుగులో ఈ 'ఎ', 'ది' లేవు కనుకనే పిల్లలకు ఇవి కొరుకుడు పడవు. ఆర్టికల్స్ మీద పేజీల కొద్దీ నియమాలు చదివినా రాని తెలివి, రెండు వాక్యాల్లో ఒకే గేదెను పక్కపక్కన చూస్తే వస్తుంది.

తెలుగులో "చెరువుకు" అంటే 'కు' మాట చివర చేరింది. ఇంగ్లీషులో "టు ది ట్యాంక్" అంటే ఆ 'కు' ముందుకు వచ్చి కూర్చుంది. "కొట్టంలో" అన్నా అంతే, "ఇన్ ది షెడ్" అయింది. తెలుగులో క్రియ వాక్యం చివర ఉంటుంది. ఇంగ్లీషులో చేసినవారి పేరు వెంటనే వచ్చేస్తుంది. ప్రిపోజిషన్లు ఎందుకు ముందుంటాయి, మాటల వరుస ఎందుకు తిరగబడుతుంది అన్నది ఈ ఆరు వాక్యాల్లోనే కనబడుతుంది.

నాలుగో వాక్యంలో "డిడ్ నాట్ గో" అని ఉంది. పిల్లలు "డిడ్ నాట్ వెంట్" అని రాసి మార్కులు పోగొట్టుకునేది ఇక్కడే. డిడ్ తరువాత క్రియ మొదటి రూపం వాడాలని ఎన్నిసార్లు చెప్పినా తలకెక్కదు. కాని తెలుగు మాట్లాడే పిల్లకు ఈ సంగతి వేరే దారిలో ఎప్పుడో తెలుసు. "వెళ్ళింది" అన్నదాన్ని కాదనాలంటే "వెళ్ళలేదు" అంటుంది కాని "వెళ్ళిందిలేదు" అనదు. 'లేదు' వచ్చి చేరితే 'వెళ్ళింది'లోని తోక రాలిపోతుంది. ఇంగ్లీషులో 'డిడ్ నాట్' వచ్చినప్పుడు 'వెంట్' కాస్తా 'గో' అయిపోవడం కూడా ఇటువంటిదే. తెలుగులో ఈ నియమం ఎవరూ నేర్పలేదు. వినీ వినీ పట్టుబడింది. ఇంగ్లీషు వినే అవకాశం పల్లెలో లేదు కనుక, చదివీ చదివీ పట్టుబడాలి.

మూడో వాక్యంలోని "ఇట్ రెయిన్డ్"లో 'ఇట్' అంటే ఏమిటి? ఏమీ కాదు. వాన కురవడానికి కర్త లేదు కనుక ఇంగ్లీషువాళ్ళు ఒక బొమ్మను నిలబెట్టారు. ఆరో వాక్యంలోని 'ఇట్' మాత్రం అచ్చంగా గేదె. ఒకే మాట రెండుచోట్ల రెండు పనులు చెయ్యడం పేరాలో తప్ప అర్థాల పట్టికలో కనబడదు.

ఇక చివరి ప్రశ్న. గేదె ఇవాళ పాలు ఎందుకు తక్కువ ఇచ్చింది? దీనికి జవాబు ఏ ఒక్క వాక్యంలోనూ రాసి లేదు. జంబళుడి కిటుకు ఇక్కడ పారదు. పచ్చిమేత లేక ఎండుగడ్డి తిన్నది కనుక అని పాడి ఉన్న ఇంటి పిల్లకు ఇట్టే తడుతుంది. ఆ జవాబును తెలుగులో చెప్పినా సరే, ఆ పిల్ల ఇంగ్లీషు చదివినట్టే లెక్క.

పల్లె పిల్ల పెట్టుబడి

పల్లెటూరి పిల్లలకు ఏమీ తెలియదని, పట్నం పిల్లలకే ఇంగ్లీషు వస్తుందని ఒక దురభిప్రాయం పాతుకుపోయింది. అమెరికాలో 1988లో రెక్ట్, లెస్లీ అనే ఇద్దరు పరిశోధకులు 7, 8 తరగతుల పిల్లలు 64 మందికి బేస్‌బాల్ ఆట గురించిన చిన్న కథనం ఇచ్చి చదివించారు. చదువులో వెనుకబడినా ఆట తెలిసిన పిల్లలు, చదువులో ముందున్నా ఆట తెలియని పిల్లల కంటే ఎక్కువ గ్రహించారు. తెలిసిన విషయం మీద రాసింది సులువుగా అర్థమవుతుందన్నమాట. మిర్చి కోత, కళ్ళం, సంత, తిరునాళ్ళు, కబడ్డీ, బస్సు ప్రయాణం గురించి తేలిక ఇంగ్లీషులో పేరా ఉంటే ఈ జిల్లా పిల్లలు ఎవరికీ తీసిపోరు. ఎన్నడూ చూడని మంచు గురించి, పేరు వినని ఊళ్ళ గురించి చదివించి, అర్థం కాలేదని వారిని మొద్దులనడం అన్యాయం.

మాట నలుగురిలో ఉంటేనే తెలుస్తుంది

రోజుకు పది మాటలు, వాటి అర్థాలు రాయించి ఒప్పజెప్పించుకోవడం ఇంకొక అలవాటు. నెలకు మూడు వందల మాటలు కదా అని తల్లిదండ్రులు సంబరపడతారు. కాని మాట ఒంటరిగా ఉండగా దాని గుణం తెలియదు. తెలుగులో 'పాలు' అన్న మాటే తీసుకోండి. గేదె పాలు వేరు, అన్నదమ్ముల పాలు వేరు, అగ్గిపాలు కావడం వేరు. పక్క మాటను బట్టే అర్థం.

ఇంగ్లీషులోనూ అంతే. "ఐ యామ్ ఫైన్" అంటే బాగున్నాను. పోలీసు "ఫైన్" అంటే జరిమానా. "ఫైన్ పౌడర్" అంటే మెత్తని పొడి. రూపాయలు దాచుకునేది బ్యాంకు, ఏటి గట్టు కూడా ఇంగ్లీషులో బ్యాంకే. గేదె కథలోని 'ట్యాంక్' చెరువు. ఇంటి మీద ఉన్నది నీళ్ళ తొట్టి. సైన్యంలో ఉన్నది యుద్ధ వాహనం. పట్టికలో ఒక్క అర్థమే బట్టీ పట్టిన పిల్ల సీత గేదెను డాబా మీది తొట్టికి తోలుతుంది.

అయితే పేరా అంతా తెలియని మాటలే అయితే లాభం లేదు. 2000లో హు, నేషన్ అనే భాషావేత్తలు చేసిన పరిశీలనలో, ఎవరి సాయమూ లేకుండా చదివి హాయిగా అర్థం చేసుకోవాలంటే నూటికి 98 మాటలు ముందే తెలిసి ఉండాలని తేలింది. ఉపాధ్యాయుడు పక్కనుంటే మరికొన్ని కొత్త మాటలున్నా ఫరవాలేదు. కొత్త మాటలు అన్నంలో ఉప్పులా ఉండాలి. ఇరవై తెలియని మాటలున్న పేజీని ఆరో తరగతి పిల్ల ముందు పెట్టడం ఉప్పు వడ్డించి అన్నం నంజుకోమనడమే.

మధ్యలో మానేసిన వారి మాటేమిటి?

ఇదేమీ నిన్నా మొన్నా పుట్టిన ఆలోచన కాదు. మైకేల్ వెస్ట్ అనే ఇంగ్లీషు పండితుడు అవిభక్త బెంగాలులోని ఢాకాలో పనిచేస్తూ అక్కడి పిల్లల చదువును పరిశీలించి 1926లో ఒక గ్రంథం ప్రచురించాడు. ఎక్కువమంది పిల్లలు మధ్యలోనే బడి మానేస్తున్నారని, వారు నేర్చిన కాస్త ఇంగ్లీషు దేనికీ పనికిరాకుండా పోతున్నదని ఆయన గమనించాడు. బీమా పాలసీ మధ్యలో ఆపేసినా సరెండర్ విలువ కింద కొంత సొమ్ము చేతికి వస్తుంది. చదువుకు కూడా అటువంటి సరెండర్ విలువ ఉండాలని ఆయన వాదించాడు. సగంలో ఆపిన వ్యాకరణం సగం కట్టిన వంతెన. చదవడం నేర్చిన పిల్లకు మాత్రం ఎక్కడ ఆపినా అక్కడివరకు నేర్చింది చేతిలో ఉంటుంది. అందుకే ముందు చదివించండన్నాడు. అరుదైన మాటలు తీసివేసి, తరచు వచ్చే మాటలతోనే వాచకాలు తయారుచేశాడు. ఆయన 1953లో వెలువరించిన ముఖ్య పదాల పట్టికలో ఉన్నవి సుమారు 2,000 మాటలు మాత్రమే.

పదో తరగతితో చదువు ఆగిపోయి పెళ్ళి పీటలెక్కే ఆడపిల్లలు, పొలానికో పట్నంలో కూలికో పోయే మగపిల్లలు నేటికీ పల్లెల్లో ఉన్నారు. వారికి ఈ ఇంగ్లీషు సరెండర్ విలువ ఎంత? అన్నీ మరచిపోయాక మిగిలేది సున్నా అయితే, పదేళ్ళ ప్రీమియం ఎవరు కట్టినట్టు?

ఫిజీ దీవుల్లో జరిగింది

వంద సంవత్సరాలకు పూర్వమే తెలుగువారు చెరకు తోటల్లో కూలీలుగా వెళ్ళిన ఫిజీ దీవుల్లో, 1980 ప్రాంతంలో ఒక ప్రయోగం జరిగింది. ఎల్లీ, మంగుభాయ్ అనే విద్యావేత్తలు 8 పల్లెటూరి పాఠశాలల్లో 4, 5 తరగతులకు బొమ్మల కథల పుస్తకాలు 250 చొప్పున ఇచ్చారు. అవన్నీ ఇంగ్లీషువే. పిల్లల మాతృభాష ఇంగ్లీషు కాదు. రోజూ కొంతసేపు ఆ పుస్తకాలు చదవడం, చదివినదాన్ని గురించి ముచ్చటించుకోవడం జరిగేది. మరికొన్ని బడుల్లో మామూలు పద్ధతిలోనే ఇంగ్లీషు చెప్పారు. ఎనిమిది నెలల తరువాత చూస్తే పుస్తకాలు చదివిన పిల్లలు చదవడంలో మామూలు కంటే రెండింతల వేగంతో ముందుకు పోయారు. రెండో ఏడాదికి ఆ తేడా రాతలోనూ, వ్యాకరణంలోనూ కనబడింది. వ్యాకరణం ఎక్కువగా చెప్పించుకున్నవారికంటే, చదివినవారికే వ్యాకరణం బాగా వచ్చిందన్నది గమనార్హం.

వ్యాకరణం వద్దని కాదు

ఇంతమాత్రాన వ్యాకరణ సూత్రాలు దండగ అని ఎవరూ అనరు. చదివిన వాక్యంలో కనబడినదానికి సూత్రం చెబితే అది మేకులా దిగుతుంది. వాక్యమే ఎరుగని పిల్లకు ముందుగా సూత్రం చెబితే అది గాలిలో వేలాడుతుంది. తేడా వరుసలోనే ఉంది.

అక్షరాలే రాని పిల్లలకు పేరాలతో పని జరగదన్న మాట కూడా నిజం. వారికి ముందు అక్షరాలు, చిన్న మాటలు నేర్పాలి. అసలు తెలుగు పేరా చదివి భావం చెప్పలేని పిల్లకు ఇంగ్లీషు పేరా మోయలేని బరువు. తెలుగులో చదివే అలవాటున్న పిల్లకు ఇంగ్లీషులో చదవడం తొందరగా పట్టుబడుతుంది. తెలుగును పక్కకు నెట్టి ఇంగ్లీషు తెచ్చుకుందామనుకునేవారు ఈ సంగతి గుర్తించాలి.

ఇంటిలో పావుగంట

చదువు రాని తల్లిదండ్రులు సైతం ఇందులో చెయ్యగలిగింది ఉంది. సాయంత్రం పావుగంట పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్క పేరా చదివించాలి. ముందు ఒకసారి మనసులో చదువుకోవాలి. రెండోసారి తెలియని మాటల కింద గీత గీయాలి. ఆ మాటల అర్థం పక్క మాటలను బట్టి ఊహించి, తరువాతే నిఘంటువు చూడాలి. పుస్తకం మూసి, కథ తెలుగులో అమ్మకో నాన్నకో చెప్పాలి. చివరకు అదే కథను తన సొంత ఇంగ్లీషులో మూడు వాక్యాలు రాయాలి. తప్పులు పోతే పోనీయాలి. తల్లికి ఇంగ్లీషు రానక్కరలేదు. "ఎందుకని? తరువాత ఏమైంది?" అని అడిగితే చాలు. పిల్లకు అర్థమైందో లేదో తెలుగులో చెప్పేటప్పుడే బయటపడుతుంది.

ఇందుకు పుస్తకాలు కొనడానికి డబ్బు లేదనుకోనక్కరలేదు. 2020 తరువాత ఆంధ్రప్రదేశ్‌లో బడి పిల్లలకు ఇచ్చిన పాఠ్యపుస్తకాల్లో ఒకవైపు ఇంగ్లీషు, ఎదురుగా తెలుగు ఉన్నవి ఉన్నాయి. పిల్లలు తెలుగు పేజీ చదివి ఇంగ్లీషు పేజీ వదిలేస్తున్నారని, లేదా ఇంగ్లీషు పేజీ బట్టీ పట్టి తెలుగు పేజీ చూడటం లేదని ఫిర్యాదులు వింటుంటాం. తెలుగులో ఒక పేరా చదివి, వెంటనే ఎదుటి పేజీలో అదే పేరా చదివితే అంతకంటే మంచి గైడు బజారులో దొరకదు.

ఇంటిలోకి వచ్చే కాగితాలూ పాఠాలే. విరేచనాలకు వాడే ఓఆర్ఎస్ పొట్లం మీద, పొట్లం మొత్తాన్ని లీటరు మంచినీళ్ళలో కలపాలని, 24 గంటల లోపల వాడాలని ఇంగ్లీషులో ఉంటుంది. 'డిజాల్వ్' అంటే కరిగించడం, 'విదిన్' అంటే లోపల. ఆజ్ఞాపించే వాక్యం క్రియతోనే మొదలవుతుందన్న వ్యాకరణం కూడా అక్కడే ఉంది. పురుగుమందు డబ్బా మీద వజ్రాకారపు గుర్తు ఉంటుంది. దాని కింది సగం ఎరుపో పసుపో అయితే పైన 'పాయిజన్' అని, నీలమైతే 'డేంజర్' అని, ఆకుపచ్చ అయితే 'కాషన్' అని ఉంటుంది. విషం, ప్రమాదం, జాగ్రత్త. మూడు మాటలు, మూడు మెట్లు. ఇవి తెలిసిన పిల్ల ఇంటిలో ఉంటే తండ్రి ప్రాణానికి కాపలా ఉన్నట్టే.

బడి, గ్రంథాలయం చెయ్యవలసింది

వారానికి రెండు పీరియడ్లయినా గైడు మూయించి పిల్లలచేత పేరాలు చదివించడం ఉపాధ్యాయులకు అసాధ్యమేమీ కాదు. సిలబస్ పూర్తికావాలన్న ఒత్తిడి, ఒకే తరగతిలో వచ్చినవారూ రానివారూ కలిసి ఉండటం వంటి ఇబ్బందులు ఉన్నమాట వాస్తవమే. అయినా పేరాకు నాలుగు ప్రశ్నలు అడిగినప్పుడు అందులో ఒక్కటైనా దించడానికి వీలులేని 'ఎందుకు' ప్రశ్న ఉంటే చాలు, జంబళుడి రోజులు తీరిపోతాయి. ఊరి విషయాల మీద తేలికపాటి పేరాలు రాసి ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకుంటే ఒక మండలంలోని ఉపాధ్యాయులే ఏడాదికి సరిపడా సంచిక తయారుచేయగలరు.

1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్ను కట్టే ప్రతి గ్రామస్థుడూ రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కూడా చెల్లిస్తున్నాడు. ఆ పన్నుతో నడిచే శాఖా గ్రంథాలయాల్లో పోటీ పరీక్షల పుస్తకాలకు ఉన్న చోటు, ఆరో తరగతి పిల్ల చదువుకోగల చిన్న ఇంగ్లీషు కథల పుస్తకాలకు లేదు. నేషనల్ బుక్ ట్రస్టు, ప్రథమ్ బుక్స్ వంటి సంస్థలు తక్కువ ధరకు వేసే బాలల పుస్తకాలు, తెలుగు ఇంగ్లీషు రెండూ పక్కపక్కన ఉన్నవి, ప్రతి శాఖకు కొన్ని తెప్పించడం జిల్లా గ్రంథాలయ సంస్థకు భారం కాదు. ప్రథమ్ బుక్స్ వారు 2015 నుంచి 'స్టోరీవీవర్' ద్వారా అటువంటి కథలను ఉచితంగానే అందిస్తున్నారు. ఇంటింటా ఉన్న సెల్‌ఫోను రోజుకు పావుగంట ఈ పనికి వాడితే నష్టం లేదు.

పన్ను కడుతున్నవారు గ్రామసభలో లేచి "పిల్లల పుస్తకాలేవి?" అని అడగాలి. బడి కమిటీలో ఉన్న తల్లులు "మా పిల్లకు ఎన్ని మార్కులు?" అని అడిగి ఊరుకోకుండా, "కొత్త పేరా ఒకటి ఇవ్వండి, చదివి తెలుగులో చెబుతుందేమో చూద్దాం" అని అడగాలి. ఆ ఒక్క ప్రశ్నకు బడి సిద్ధపడిన నాడు బట్టీ దానంతట అదే వెనక్కు పోతుంది.